ట్రైలరు మీద బోటు మోటారుకు ఊతం ఇచ్చేదెలా

మోటారు పైకెత్తి, దాన్ని బోటుకు పట్టి ఉంచే బ్రాకెట్ పక్కనున్న చిన్న లివరు లోపలికి నెట్టేసి, "అయిపోయింది, పోనియ్యన్నా" అంటారు డ్రైవరుతో. ట్రైలరు మీద బోటు తెచ్చే చాలామంది చేసేది ఇంతే. ఆ లివరు పని వేరు. బోటు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు మోటారు కాలు, అంటే నీళ్లలో మునిగే కింది భాగం, ఉప్పునీళ్లలో నానకుండా పైన ఆపి ఉంచడానికి పెట్టిన లివరు అది. రోడ్డు ప్రయాణంలో దాన్ని నమ్ముకోవద్దని మోటారు కంపెనీలు తమ చేతిపుస్తకాల్లోనే రాస్తాయి. గతుకులకు లివరు జారిందంటే మోటారు ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఆ సమయానికి దాని కింద ఎవరైనా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తడ దగ్గర భీములవారిపాలెం రేవు నుంచి మరమ్మతుకని తిరుపతికి తెచ్చినా, చెన్నైలో పాత బోటు కొని నగరి, పుత్తూరు మీదుగా ఇంటికి తెచ్చుకున్నా చేయాల్సింది ఒకటే: మోటారు బరువు దాన్ని తగిలించిన బోటు వెనక పలక మీద కాకుండా ట్రైలరు ఇనుము మీద పడాలి. దానికి ముందు బోటూ ట్రైలరూ ఒక్క వస్తువులా కదలాలి. ఈ రెండో సంగతి వదిలేసి మొదటిదాని మీదే డబ్బులు పెట్టేవాళ్లు ఎక్కువ.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

మోటారు నిలువుగా ఉన్నంతసేపూ గతుకు దెబ్బను బ్రాకెట్ మొత్తం పంచుకుంటుంది. నీళ్లలో అలల తాకిడికి తట్టుకునేలా తయారుచేసింది ఆ స్థితికే. వెనక్కి లేపితే బరువేం పెరగదు గానీ అది ఊగే తీరు మారిపోతుంది. గేరు బాక్సు, ఫ్యాను (నీళ్లను తోసే ప్రొపెల్లరు) ఉన్న చివర దూరంగా గాలిలోకి పోతుంది. చెయ్యి చాచి నీళ్ల బిందె పట్టుకుని నడిచే మనిషికి నొప్పి భుజంలో పుట్టినట్టే, గతుకు తగిలిన ప్రతిసారీ ఆ చివర ఊగి, దెబ్బంతా మోటారు పైకీ కిందికీ తిరిగే ఇరుసు దగ్గర పడుతుంది. అక్కడ దాన్ని ఆపేది చిన్న లివరో, మోటారును ఎత్తే హైడ్రాలిక్ రాడ్డో. అక్కడి నుంచి ఆ దెబ్బ బోల్టులకు, బోల్టుల నుంచి పలకకు పోతుంది.

ఫైబర్ బోట్లలో చాలావాటికి వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే అది లోపల్లోపలే కుళ్లిపోతుంది, పైన ఫైబర్ మాత్రం బాగానే కనిపిస్తుంది. కాబట్టి ఊతం గురించి ఆలోచించే ముందు పలక సంగతి చూడండి. రూపాయి బిళ్లతో పలకంతా తట్టండి. గట్టిగా టక్కుమంటే మంచిదే, మెత్తగా డొల్లగా వినిపిస్తే లోపల చెడిందని అనుమానించాలి. బోల్టుల చుట్టూ, పలక పక్క గోడలను కలిసే మూలల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయేమో వెతకండి. తర్వాత గేరు బాక్సు పట్టుకుని మోటారును కిందికీ పైకీ నెమ్మదిగా ఊపండి. మోటారుతో పాటు పలక కూడా వంగుతుంటే మీకు కావాల్సింది ఊతం కాదు, ఫైబర్ పనివాడు. అలాంటి బోటు నుంచి మోటారు దింపి, విడిగా తీసుకెళ్లడమే మంచిది.

నిలువుగా పోవచ్చా, ఎత్తాల్సిందేనా

మోటారును నిలువుగా వదిలేసి పోవడానికి వీలుంటే అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఏ ఊతమూ అక్కర్లేదు. ఎటొచ్చీ నేలకు ఎంత ఎత్తులో ఉందన్నదే ప్రశ్న. మోటారుకు అట్టడుగున, ఫ్యాను కింద చేపరెక్కలా ఉండే ముక్కను స్కెగ్ అంటారు. ముందుగా నేలకు తగిలేది అదే.

కొలవడం తేలిక. ట్రైలరును కారుకు తగిలించి, సమంగా ఉన్న చోట నిలపండి. స్కెగ్ నుంచి నేలకు ఎంతుందో చూడండి. తర్వాత ట్రైలరు చక్రం మధ్య నుంచి స్కెగ్ దాకా వెనక్కి ఎంత దూరముందో కొలవండి. ఆ దూరం రెండున్నర మీటర్లు అనుకుందాం. కల్వర్టు ఎక్కేటప్పుడో, పెట్రోలు బంకులోకి తిరిగేటప్పుడో చక్రాలు పదికి ఒకటి వాలు ఎక్కితే, తోక 25 సెంటీమీటర్లు నేలకు దగ్గరవుతుంది. అంటే స్కెగ్ కింద మీకున్నది 25 సెంటీమీటర్లే అయితే అది తారును గీరుతుంది. నాలుగు వరసల హైవే మీద కనిపించని ఈ ఇబ్బంది ఊళ్లోకి దిగే మట్టి దారిలో, రేవు దగ్గర కట్ట ఎక్కేచోట బయటపడుతుంది. నేనైతే లెక్కలో వచ్చినదానికి పైన ఇంకో జానెడు లేనిదే నిలువుగా తీసుకెళ్లను.

ఖాళీ చాలకపోతే మోటారును ఎత్తాలి. అప్పుడు కూడా కావాల్సినంతే ఎత్తండి. చివరంటా ఎత్తేస్తే ఊతానికి సరైన కోణం దొరకదు.

ముందు బోటును ట్రైలరుకు కట్టండి

ఎత్తిన మోటారుకు ఊతంగా పెట్టే సపోర్టు రాడ్డు ఒక చివర ట్రైలరును, ఇంకో చివర మోటారును పట్టుకుంటుంది. మోటారు బోటుకు బిగించి ఉంటుంది. బోటు ట్రైలరు మీద ఎగిరెగిరి పడుతుంటే రాడ్డు మోటారును కింది నుంచి పొడుస్తూనే ఉంటుంది. అంటే పలకను కాపాడాల్సిన రాడ్డే పలకను కొడుతుంది. "రాడ్డు పెట్టాం, అయినా పలక చీలింది" అనేవాళ్ల బోటు చూడండి, చాలాసార్లు వెనక బెల్టు ఉండదు. ముందు వించి (బోటును ట్రైలరు మీదికి లాగే చేతి చక్రం) తాడు ఒక్కటే ఉంటుంది.

బోటు వెనక పలకకు రెండు వైపులా కొక్కేలు ఉంటాయి. ఒక్కో కొక్కెం నుంచి దాని కింద ఉన్న ట్రైలరు చట్రానికి ఒక్కో రాట్చెట్ బెల్టు (పళ్లచక్రంతో బిగించేది) వేయండి. బెల్టులు కిందికి లాగాలి, కొంచెం ముందుకు కూడా లాగాలి. ఒకే బెల్టును బోటు మీదుగా అటు నుంచి ఇటు వేసి సరిపెట్టుకుంటే బోటు వెనక భాగం ఊగకుండా ఆగదు. నైలాన్ తాడు వద్దు. ఎంత బిగించినా సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. ముందువైపు వించి బెల్టు బిగించి, దానికి తోడు ఒక గొలుసు వేయండి. వించి పళ్లు జారినా బోటు వెనక్కి పోకుండా ఆ గొలుసే ఆపుతుంది.

బోటులో నీళ్లు పోయే అడుగు బిరడా తీసేయండి. దారిలో వాన పడితే బోటులో చేరే నీళ్లన్నీ వెనక్కే, అంటే మోటారు ఉన్న వైపుకే పోతాయి. తీసిన బిరడాను కారు తాళాలకు కట్టుకుంటే రేవులో మర్చిపోరు.

బరువు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మోటారు, బ్యాటరీ, నిండు ట్యాంకు అన్నీ వెనకే ఉంటే ట్రైలరు ముక్కు తేలిపోతుంది, వేగం పెరిగితే తోక అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం బరువులో ఐదు నుంచి పది శాతం వరకు కారు కొక్కెం మీద పడాలి. మనిషి ఒక్కచేత్తో ట్రైలరు ముక్కును తేలిగ్గా లేపేయగలిగితే తోక బరువుగా ఉన్నట్టే. ట్యాంకును, లంగరును ముందుకు జరపండి.

సపోర్టు రాడ్డు చేయించుకోవడం

అంగళ్లలో దొరికే రాడ్లను ట్రాన్సమ్ సేవర్ అంటారు. ట్రాన్సమ్ అంటే బోటు వెనక పలకే. ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. తిరుపతిలోనో చిత్తూరులోనో మంచి వెల్డింగు షాపు తెలిసుంటే చేయించుకోవడం కూడా పెద్ద పనేం కాదు. ఏది చేసినా ముందే సిద్ధంగా ఉంచుకోండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారి, రాయలచెరువు కట్టకు ప్రమాదమని కింది ఊళ్లు ఖాళీ చేయించిన రోజు లాంటి రోజున, అర్ధరాత్రి బోటు కావాలని ఫోనొస్తే, టేపు పట్టుకుని కొలతలు తీస్తూ కూర్చోలేం.

ఒకదాంట్లో ఒకటి దూరే రెండు గట్టి ఇనుప పైపులు తీసుకోండి. లోపలి పైపుకు వరసగా రంధ్రాలు వేయించి, పొడవు సరిచూసుకున్నాక పిన్ను వేస్తే ఆగేలా చేయించండి. కింది చివర ట్రైలరు వెనక అడ్డపట్టీకి తగులుకోవాలి. దానికి యు బోల్టులతో బిగించే చిన్న బ్రాకెట్ సరిపోతుంది. పిన్ను దూరాక దానికి లాక్ క్లిప్పు ఉండాలి, లేకపోతే పది గతుకులకే ఊడి వస్తుంది. కొన్ని రాడ్లు ట్రైలరు వెనక రబ్బరు రోలరు మీద పంగలా కూర్చునేలా వస్తాయి. రోలరు పాతదై ఇరుసు తుప్పు పట్టి ఉంటే వాటిని నమ్మను. అడ్డపట్టీకి నేరుగా బిగించేదే గట్టిది.

పై చివర వి ఆకారంలో ఉండాలి, దానికి మందపాటి రబ్బరు తొడిగించండి. పాత టైరు ముక్క చాలు. అది మోటారు కాలి ముందు అంచును, గేరు బాక్సు మెడ దగ్గర పట్టుకోవాలి. ఫ్యానుకు, స్కెగ్‌కు, నీళ్లు పీల్చే జల్లెడకు తగలకూడదు. పైనున్న ప్లాస్టిక్ మూతకు అసలే తగలకూడదు. పక్క నుంచి చూస్తే రాడ్డు మోటారు కాలును దాదాపు అడ్డంగా తాకాలి. కాలి వెంబడి జారిపోయే కోణంలో ఉంటే మీరెంత బిగించినా నిలవదు.

వెల్డింగు చేయించేటప్పుడు ఒక్క జాగ్రత్త. బోటు ట్రైలరు మీద ఉండగా ట్రైలరుకు వెల్డింగు పెట్టనివ్వకండి. పెట్రోలు ఆవిరి ఒక భయం, కొత్త మోటార్లలో ఎలక్ట్రానిక్స్ పోతాయన్నది ఇంకో భయం. బ్రాకెట్‌ను విడిగా చేయించి, ఇంటికొచ్చి బోల్టులు బిగించుకోండి.

హైడ్రాలిక్ రాడ్డుకు తొడిగే ప్లాస్టిక్ దిమ్మలు కూడా అమ్ముతారు. అవి హైడ్రాలిక్స్‌ను కాపాడతాయి, మోటారు కిందికి జారకుండా ఆపుతాయి. కానీ బరువును ట్రైలరుకు పంపవు. దగ్గరి దూరాలకు, గట్టి పలక ఉన్న బోటుకు పర్వాలేదు. సూళ్లూరుపేట నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి దాకా రావాలంటే నాకు రాడ్డే కావాలి.

బిగించే వరస

బోటు నీళ్లలోంచి ట్రైలరు మీదికి రాగానే మోటారును నిలువుగా దించి కాసేపు వదిలేయండి. లోపలి నీళ్లన్నీ కారిపోవాలి. పులికాట్ లాంటి ఉప్పునీళ్లలో తిప్పి ఉంటే ఇంటికి చేరాక మంచినీళ్లతో కడగాల్సిందే, కానీ కారడం మాత్రం ఇక్కడే జరగాలి. పెట్రోలు పైపు ఊడదీయండి, ట్యాంకు మూత మీదున్న గాలి స్క్రూ మూసేయండి. మన ఎండలకు పెట్రోలు ఉబ్బుతుంది కాబట్టి ట్యాంకు అంచుల దాకా నింపొద్దు.

వెనక బెల్టులు బిగించాకే మోటారు జోలికి వెళ్లండి. పవర్ ట్రిమ్ ఉన్న, అంటే బటన్ నొక్కితే లేచి దిగే మోటారైతే పూర్తిగా పైకెత్తి, రాడ్డు కింది చివరకు పిన్ను వేసి, పై చివరను మోటారు కాలికి ఆనించి పట్టుకోండి. బటన్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. అతను మోటారును కొంచెం కొంచెంగా దించుతుంటే అది వి లోకి వచ్చి కూర్చుంటుంది. రాడ్డు బిగిసి, కదలకుండా అయిన క్షణంలో ఆపమనండి. అక్కడితో ఆగకుండా బటన్ నొక్కుతూనే ఉంటే పంపు బలమంతా రాడ్డు మీద పడి అది వంగుతుంది, లేదా బ్రాకెట్ పగులుతుంది.

మన తీరంలో ఎక్కువగా కనిపించేవి చేత్తో ఎత్తే చిన్న, మధ్య రకం మోటార్లు. వాటికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మూత పైభాగాన ఉన్న పట్టు పట్టుకుని ఎత్తి, లివరు వేయండి. లివరు పని ఈ కాసేపే. రెండోవారు పక్కన నిలబడి రాడ్డు పెట్టాలి. మోటారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. ఫ్యానును పట్టుకుని ఎత్తకూడదు. రాడ్డు కుదిరాక మోటారును మళ్లీ కాస్త లేపి, లివరు వెనక్కి తీసేసి, బరువంతా రాడ్డు మీదికి దించండి. చాలామంది లివరును అలాగే వదిలేస్తారు. "రెండు ఊతాలుంటే మంచిదే కదన్నా" అంటారు. అలా వదిలితే బరువు సగం లివరు మీదే ఆగుతుంది, రాడ్డు వదులుగా ఆడుతుంటుంది.

ఇప్పుడు వి చుట్టూ, మోటారు కాలి చుట్టూ రబ్బరు పట్టీ రెండు చుట్లు వేయండి. మోటారు పైకి ఎగిరినా వి లోంచి బయటికి రాకూడదు. స్టీరింగు నేరుగా పెట్టి, తిరగకుండా కట్టేయండి. టిల్లరు పిడి (చేత్తో పట్టి తిప్పే పిడి) ఉన్న మోటారైతే పిడిని మడిచి, పక్కలకు రెండు చిన్న తాళ్లు కడితే చాలు.

చివరగా గేరు బాక్సు పట్టుకుని బలంగా పైకీ కిందికీ ఊపండి. మోటారు, బోటు, ట్రైలరు అన్నీ కలిసి స్ప్రింగుల మీద ఊగాలి. మోటారు ఒక్కటే కదిలితే పట్టీ వదులుగా ఉంది. మోటారూ బోటూ కలిసి కదిలి ట్రైలరు కదలకపోతే బెల్టులు చాలలేదు.

చిన్న మోటారైతే దింపేయండి

పది, పదిహేను హార్స్‌పవర్ లోపు మోటార్లను ట్రైలరు మీద వేలాడదీసే ఆలోచనే వద్దు. ఇద్దరు మనుషులు మోయగల బరువది. దింపి, కారులోనో టాటా ఏస్‌లోనో విడిగా వేసుకోండి. బోటునే ట్రాక్టరు ట్రాలీలో వేసి తెచ్చేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చాలా ట్రాలీలకు స్ప్రింగుల మెత్తదనం ఉండదు.

పడుకోబెట్టే ముందు నిలువుగా ఉంచి నీళ్లు కారనివ్వాలి, కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు తీసేయాలి. పడుకోబెట్టినప్పుడు ఇంజిను తల వైపు ఎప్పుడూ ఫ్యాను వైపు కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే కాలిలో మిగిలిన నీళ్లు ఎగ్జాస్ట్ దారిలోంచి సిలిండరులోకి పోతాయి. ఫోర్ స్ట్రోక్ మోటారును ఏ పక్కన పడితే ఆ పక్కన పడుకోబెట్టకూడదు. ఇంజిను ఆయిల్ సిలిండర్లలోకి పాకుతుంది. ఏ పక్క అన్నది చేతిపుస్తకంలో ఉంటుంది, కొన్నింటికి మోటారు మీదే బొమ్మ వేసి ఉంటుంది. కింద గోనెసంచులు రెండు మూడు మడతలు వేసి, కదలకుండా కట్టండి.

దింపడం కుదరక అలాగే తేవాల్సివస్తే, బిగింపు స్క్రూలు రెండూ చేత్తో మళ్లీ బిగించి, రెండింటి పిడులనూ కలిపి కట్టి, మోటారు నుంచి బోటు లోపలి కొక్కేనికి ఒక గొలుసు వేయండి. అదిరే కొద్దీ స్క్రూలు వదులవుతాయి.

రోడ్డు మీద

ఫ్యానుకు మందపాటి సంచి తొడిగి, ఎర్రగుడ్డ కట్టండి. వెనకొచ్చే బైకు కళ్లకు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది ఆ రెక్క. రాత్రయితే ఎర్రలైటు తప్పనిసరి. ట్రైలరు లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో బయల్దేరకముందే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరు కూడా వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంట్లో చేయించుకున్న ట్రైలరుకు ఏం అక్కర్లేదనుకుని రోడ్డెక్కొద్దు.

మొదటి పది కిలోమీటర్లకే ఒకసారి ఆపండి. బెల్టులు వదులయ్యేది ఈ దూరంలోనే. రాడ్డు పిన్ను, పైన రబ్బరు పట్టీ, వెనక బెల్టులు చూసి, చక్రాల హబ్బు దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగు పని పట్టాల్సిందే. ఆ తర్వాత టీకి ఆగిన ప్రతిచోటా ఒక్క చూపు చాలు.

స్పీడ్ బ్రేకరును నేరుగా ఎక్కండి, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కాలి, మనిషి నడిచే వేగం చాలు. ఏటవాలుగా ఎక్కితే ట్రైలరు మెలి తిరుగుతుంది, రాడ్డు పక్కకు జారేది అప్పుడే. వంతెనల మీద అతుకులు, టోల్ గేట్ల ముందు వేసే వరస గట్లు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, ఒకదాని వెంట ఒకటి తగిలి మోటారును ఊపులో పడేస్తాయి. వాటి దగ్గర కూడా వేగం తగ్గించండి. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాటు మీదుగా పోయి వచ్చేవాళ్లు దిగేటప్పుడు గేరు మీద దిగండి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ బోటు ముందుకు నెట్టుకొస్తుంది, బెల్టులు వదులవుతాయి. ఘాటు దిగాక ఆపి మళ్లీ బిగించండి.

దింపేటప్పుడు

రేవుకు చేరాక తొందరపడకండి. ముందు రబ్బరు పట్టీ విప్పండి. మోటారును కాస్త పైకెత్తితే రాడ్డు మీద బరువు పోతుంది, అప్పుడు పై చివర తీసి, తర్వాత కింది పిన్ను లాగండి. రాడ్డు ఉండగానే మోటారును కిందికి దించే బటన్ నొక్కితే ఏదో ఒకటి విరుగుతుంది. వెనక బెల్టులు నీళ్ల అంచు దాకా ఉంచి, అక్కడ విప్పండి. ముందు గొలుసు మాత్రం బోటు తేలే దాకా విప్పొద్దు.

పులికాట్ లాంటి లోతు తక్కువ, బురద ఎక్కువ ఉన్న చోట మోటారును పైకెత్తే ఉంచి, బోటును కొంత దూరం తెడ్డుతో నెట్టుకెళ్లాకే దించండి. అడుగు బిరడా అంతకన్నా ముందే పెట్టాలి, అది కారు తాళాలతోనే ఉంది కదా. రాడ్డు, పిన్నులు ఉప్పునీళ్లలో తడిస్తే మంచినీళ్లతో కడిగి, లోపలి పైపుకు కాస్త గ్రీజు రాసి పెట్టండి. తుప్పు పట్టి రెండు పైపులూ బిగుసుకుపోతే సుత్తి తప్ప ఇంకో దారి ఉండదు.